హైదరాబాదులో నాలుగు నెలలకు గది: డబ్బు పంపే ముందు ఓనరుతో మాట్లాడు

చెల్లీ, నీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. నరసన్నపేట నుంచి మొదటిసారి హైదరాబాదు వెళ్తున్నావు, మాదాపూర్‌లో నాలుగు నెలల ట్రైనింగు. కేపీహెచ్‌బీలో (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో) ఒక టూ బీహెచ్‌కే, అంటే రెండు పడగ్గదుల ఫ్లాటులో అద్దెకుంటున్నావిడ వేరే ఊరు వెళ్తూ, తన గదిని ఆ నాలుగు నెలలకీ నీకు ఇస్తానంటోంది. ఫొటోలు పంపింది. గది నీకోసం ఆపాలంటే ఈ రెండు రోజుల్లో అడ్వాన్సు వెయ్యమంటోంది. మీ అమ్మగారు భయపడుతున్నారు. నమ్మొచ్చా అని అడిగావు.

ఫొటోలు చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. కానీ ఆవిడని ఇవాళే ఒక్క మాట అడుగు: "నేనొచ్చి ఉండబోతున్నట్టు మీ ఓనరుగారికి తెలుసా? ఆయన నంబరు ఇస్తారా, నేను మాట్లాడతాను." నంబరు ఇస్తే మిగతావి చూసుకోవచ్చు. "ఓనరుకి చెప్పక్కర్లేదు, అడిగితే మా చెల్లెలివని చెప్పు" అంటే మాత్రం గది ఎంత బాగున్నా, అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు వద్దు.

ఎందుకంటే సబ్‌లెట్‌లో, అంటే అద్దెకున్నవాళ్ళే ఇంకొకరికి అద్దెకిచ్చినప్పుడు, నీ దగ్గర డబ్బు తీసుకునే మనిషి ఇంటి ఓనరు కాదు. ఆవిడకి ఆ ఇంటి మీద ఎంత హక్కుందో నీకు అంతకంటే ఎక్కువ రాదు. మామూలుగా పదకొండు నెలలకి రాసుకునే అద్దె అగ్రిమెంటులో "ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా వేరొకరికి అద్దెకివ్వరాదు" అనే షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రం నాటి 1960 అద్దె నియంత్రణ చట్టంలో కూడా, అలా ఇవ్వడం కిరాయిదారుని ఖాళీ చేయించడానికి ఒక కారణం. ఆ చట్టం అన్ని ఇళ్ళకీ వర్తించదు గానీ, అగ్రిమెంటులోని షరతు మాత్రం సంతకం పెట్టినవాళ్ళని వదలదు. ఓనరుకి తెలియకుండా చేరితే, ఒక రోజు ఆయన తలుపు కొట్టి "నువ్వెవరమ్మా?" అంటే నీ దగ్గర చెప్పడానికి జవాబుండదు. ఆ పెద్ద ఊళ్ళో రాత్రిపూట సామాను పట్టుకుని రోడ్డు మీద నిలబడే పరిస్థితి అక్కడే మొదలవుతుంది. ఆడపిల్లకి రక్షణ అంటే గట్టి తాళం, సీసీ కెమెరా అనుకుంటాం. అవి కావాలి, కాదనను. అంతకంటే ముందు, నువ్వు ఆ ఇంట్లో ఉన్నావని తెలియాల్సినవాళ్ళకి తెలిసి ఉండటం కావాలి.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ అయ్యాక హైదరాబాదులో కొన్నేళ్ళు ఉద్యోగం చేశాను, ఇప్పుడు మళ్ళీ ఇక్కడే ఉన్నాను. అక్కడ మొదట్లో కూకట్‌పల్లిలో ఒక గది చూడ్డానికి వెళ్ళాను. చూపించినబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇల్లు శుభ్రంగా ఉంది, మెట్రోకి దగ్గర. రెండు నెలల అడ్వాన్సు ఇచ్చేస్తే మర్నాడే చేరిపోవచ్చన్నాడు. కిందకి దిగుతుంటే వాచ్‌మన్ భార్య మోటారు వేస్తూ పలకరించింది. నేను రెండు మాటలనగానే, "ఏ ఊరమ్మా మీది? మాట సూత్తే మాయేపులాగుంది" అంది. వాళ్ళది పాతపట్నం దగ్గర పల్లె. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ పనికి మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్ళిన కుటుంబాలు చాలా ఉన్నాయి, నీకూ తెలిసే ఉంటుంది. ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "ఆ ఇంట్లో సేరకమ్మా. నెలాకర్లోగా కాళీ సేసీమని ఓనరుగారు సెప్పీసినారు. అద్దె బకాయుంది" అని చెప్పింది. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాల్సిన ఇంటికి ఆ అబ్బాయి నా దగ్గర రెండు నెలల అడ్వాన్సు అడుగుతున్నాడు.

అందుకే చెప్తున్నాను, వాచ్‌మన్‌తో మాట్లాడకుండా ఏ ఇల్లూ ఖాయం చేసుకోకు. ఇల్లు చూపించే మనిషి పక్కన లేనప్పుడు మాట్లాడు. ఈ ఫ్లాటులో ఎవరుంటున్నారు, ఎన్నాళ్ళయింది, ఓనరు ఎవరు, ఎప్పుడైనా వస్తాడా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, నీళ్ళు రోజూ వస్తాయా: ఇవి అడుగు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ ఉంటే ప్రెసిడెంటో సెక్రటరీయో అక్కడే ఏదో ఫ్లాటులో ఉంటారు, వాళ్ళనీ కలువు. కొన్ని అపార్ట్‌మెంట్లలో పెళ్ళికాని అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఇవ్వకూడదని అసోసియేషన్ వాళ్ళే పట్టుబడతారు. ఆ సంగతి చేరాక తెలిస్తే గొడవ.

తర్వాత నేను చేరింది మియాపూర్‌లో. ఆ ఇంటి అక్క పురిటికి బొబ్బిలి, పుట్టింటికి వెళ్తోంది. వాళ్ళాయనకి సైటు పని వేరే ఊళ్ళో. ఇల్లు వదులుకుంటే మళ్ళీ దొరకదని, వచ్చేవరకూ ఎవరైనా నమ్మకమైన అమ్మాయి ఉంటే బాగుండునని అనుకున్నారు. నేను అడగకముందే ఆ అక్క ఓనరుకి ఫోన్ చేసి నాతో మాట్లాడించింది. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవారు. ఒక ఆదివారం వచ్చి, నా ఆఫీసు ఐడీ చూసి, మా నాన్నతో ఫోన్లో మాట్లాడి, ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టారు. నువ్వూ అలాంటిది తీసుకో. కాగితం కుదరకపోతే వాట్సాప్‌లో అయినా ఓనరు నంబరు నుంచే రావాలి. ఇలా ఉంటే చాలు:

"ఫలానా అపార్ట్‌మెంటు ఫలానా నంబరు ఫ్లాటు ఓనరుని నేను. నా కిరాయిదారు ఫలానావారు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా అమ్మాయిని ఆ ఇంట్లో ఉంచడానికి నా అంగీకారం ఉంది."

పేర్లు, తేదీలు, ఫ్లాటు నంబరు స్పష్టంగా ఉండాలి. దాంతోపాటు ఆవిడకీ ఓనరుకీ ఉన్న అసలు అగ్రిమెంటు చూపించమను. గడువు ఎప్పటివరకు ఉందో చూడు. నీ నాలుగు నెలల మధ్యలో అది అయిపోతుంటే, పొడిగిస్తున్నట్టు ఓనరు నోటితో విను.

ఇచ్చిన నంబరు నిజంగా ఓనరుదేనా అనే అనుమానం రావాలి, రావడం మంచిదే. కరెంటు బిల్లు ఫొటో అడుగు. దాని మీద సర్వీసు నంబరు, పేరు, అడ్రసు ఉంటాయి. అగ్రిమెంటులో ఓనరు పేరు, బిల్లు మీద పేరు కలవాలి. కొన్నిచోట్ల బిల్లు ఇంకా బిల్డరు పేరు మీదే ఉంటుంది, అలాంటప్పుడు ఇంటిపన్ను రసీదు అడుగు. వాచ్‌మన్ దగ్గర ఉన్న ఓనరు నంబరూ, ఆవిడ ఇచ్చిన నంబరూ ఒకటేనా చూసుకుంటే ఇంకా తొందరగా తేలుతుంది.

డబ్బు సంగతి. హైదరాబాదులో ఓనరుకి రెండు నెలల అద్దె అడ్వాన్సు ఇవ్వడం మామూలు. కానీ ఆ అడ్వాన్సు ఆవిడ ఎప్పుడో ఓనరుకి కట్టేసి ఉంటుంది, నువ్విచ్చేది ఆవిడ చేతిలో ఉండిపోతుంది. కాబట్టి ఒక నెలకి మించి ఇవ్వకు, అదీ ఇల్లు చూశాక, తాళం చేతికొచ్చిన రోజున. నెలనెలా అద్దె నేరుగా ఓనరు ఖాతాకే వేస్తానని అడుగు. నేను మియాపూర్‌లో అలాగే వేశాను, వేసినట్టు ఆ అక్కకి మెసేజ్ పెట్టేదాన్ని. ఇందులో ఆవిడకి నష్టమేమీ లేదు. నీకు మాత్రం, నువ్వు కట్టిన డబ్బు ఓనరుకి చేరిందా లేదా అనే బెంగ ఉండదు. ఆవిడ నీ దగ్గర తీసుకుని అక్కడ కట్టకపోతే, ఖాళీ చెయ్యాల్సొచ్చేది నువ్వే. నగదు ఇవ్వకు, ఖాతా నుంచి ఖాతాకే. చేరిన రోజు కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి ఆవిడకి పంపు. మెయింటెనెన్సు ఎవరు కట్టాలో, పనిమనిషి జీతం, వైఫై ఎవరివో ముందే మాట్లాడుకో.

ఇప్పుడు ఇంకో రకం మోసం గురించి కాస్త ఆగి చెప్పాలి, మన జిల్లావాళ్ళం దీనికి తొందరగా పడిపోతాం. "నేను ఆర్మీలో చేస్తున్నాను, ఉన్నట్టుండి పోస్టింగు వచ్చింది, ఫ్లాటు మీకిస్తాను" అని ఫోనొస్తుంది. యూనిఫాం వేసుకున్న ఫొటో, క్యాంటీన్ కార్డు, ఆధార్ అన్నీ పంపుతాడు. అవి వేరే ఎవరివో. మనవైపు చాలా ఊళ్ళలో ఇంటికో వీధికో ఒకరు సైన్యంలో ఉంటారు కదా, ఆ మాట వినగానే మన అన్నలూ బావలూ గుర్తొచ్చి నమ్మకం కలుగుతుంది. మా మేనమామ కూతురికి ఇలాగే ఫోనొచ్చింది. "మా ఆర్మీ ఖాతాకి ముందు మీరు కొంచెం వేస్తే, మొత్తం కలిపి వెనక్కొస్తుంది" అని క్యూఆర్ కోడ్ పంపాడు. సైన్యంలో చేసిన వాళ్ళ పెదనాన్న పక్కనే ఉండి ఆపాడు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో: నీకు డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. ఎవరో పంపిన కోడ్‌కి పిన్ కొట్టావంటే నీ ఖాతాలోంచి డబ్బు వెళ్తోందని అర్థం. ఎవరైనా అలా మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

"రెండు రోజుల్లో వెయ్యకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తా" అనే మాటకి కంగారుపడకు. ఆవిడ నిజాయితీపరురాలే అయ్యుండొచ్చు, గది నిజంగానే పోవచ్చు. పోనీ. కేపీహెచ్‌బీ, ఎస్సార్ నగర్, అమీర్‌పేట వైపు లేడీస్ హాస్టళ్ళు బోలెడున్నాయి, వారానికి కూడా ఉండనిచ్చేవి దొరుకుతాయి. ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగుతావు. నేరుగా హాస్టల్‌కి వెళ్ళి సామాను అక్కడ పెట్టు. ఇల్లు ఆ వారంలో నీ కళ్ళతో చూసుకో. ముందే డబ్బు కట్టేసి, పెట్టెలతో సహా చూడని ఇంటి ముందు దిగితే, ఏం తేడా కనిపించినా వెనక్కి తిరగడానికి మనసొప్పదు.

వెళ్ళేముందే చూడాలంటే, అక్కడున్న మనవాళ్ళెవరినైనా పంపు. మీ వీధిలో అడిగినా కూకట్‌పల్లిలో ఉండేవాళ్ళు ఎవరో ఒకరు తేలతారు. ఆవిడని వీడియో కాల్‌లో చూపించమని మాత్రం అనకు, నువ్వు పంపినవాళ్ళని ఇంటి లోపలికి వెళ్ళి చూడమను. ఒక్క మాట, "మన ఊరివాడే" అని ఇల్లిచ్చేవాణ్ణి నమ్మడం వేరు, ఇల్లు చూసి రమ్మని మన ఊరివాణ్ణి పంపడం వేరు. మొదటిదానికి ఓనరు మాటా కాగితమూ ఎలాగూ కావాలి.

ఇల్లు చూసేటప్పుడు పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్ళు. కేపీహెచ్‌బీ మెట్రో ఎర్రలైను మీదుంది, మాదాపూర్ పక్కనున్న హైటెక్ సిటీ స్టేషన్ నీలం లైను మీదుంది. మధ్యలో అమీర్‌పేటలో మారాలి కాబట్టి సాయంత్రం అనుకున్నదానికన్నా ఆలస్యమవుతుంది. స్టేషన్ నుంచి ఇంటికి వచ్చే దారిలో ఆ టైముకి లైట్లు వెలుగుతున్నాయా, దుకాణాలు తెరిచి ఉన్నాయా చూసుకో. బాత్రూం వెంటిలేటరు కారిడార్‌లోకి తెరుచుకుంటుందా, బాల్కనీ తలుపుకి లోపలి గడియ ఉందా, పక్కమేడ మీంచి బాల్కనీలోకి దిగొచ్చా, ఇవి పగలు చూడు. గది లైట్లు ఆర్పి ఫోన్ టార్చి వేసి అద్దం, చార్జర్లు, గోడ మీద పనికిరాకుండా బిగించి ఉన్నవాటి వైపు తిప్పు, కెమెరా కన్ను ఉంటే చుక్కలా మెరుస్తుంది. బాత్రూంలో గ్యాస్ గీజరుంటే, గాలి బయటికి పోయే దారి లేకపోతే, అది వాడకు. అందులోంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, మనుషులు స్పృహ తప్పి చనిపోయిన సందర్భాలున్నాయి. బకెట్లో ఎలక్ట్రిక్ రాడ్డు పెట్టుకునే అలవాటుంటే దాన్నీ మానుకో.

మిగతా గదిలో ఎవరుంటున్నారో నువ్వు రాయలేదు. టూ బీహెచ్‌కే అన్నావు కాబట్టి రెండో గదిలో మనిషుండాలి. నెలల తరబడి ఒకే వంటింట్లో తిరగాల్సింది ఆ అమ్మాయితోనే. ఆమెతో విడిగా మాట్లాడకుండా సరేననకు. ఎవరెవరు వచ్చిపోతుంటారు, రాత్రిళ్ళు ఎవరైనా ఉండిపోతుంటారా అని మొహమాటపడకుండా అడుగు. సూటిగా చెప్పకపోతే ఆలోచించు.

తాళం కూడా ముఖ్యం. నువ్వు వెళ్ళే ఇంటి తాళంచెవులు ఆవిడ దగ్గర, పాత రూమ్మేట్ల దగ్గర, పనిమనిషి దగ్గర ఎన్నున్నాయో ఎవరికీ తెలియదు. నీ గది తలుపుకైనా కొత్త తాళం వేయించుకుంటానని ఓనరుని అడుగు. ఖర్చు నువ్వే పెట్టుకుని, పాతది దాచి, వెళ్ళేటప్పుడు మళ్ళీ బిగించి ఇచ్చెయ్. మా మియాపూర్ ఓనరు దీనికి వెంటనే ఒప్పుకున్నారు.

ఆధార్ ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దింపుకుని ఇవ్వు, దాని మీద "అద్దె ఇంటి కోసం" అని తేదీతో రాసి ఇవ్వు. పోలీసు వెరిఫికేషన్ కోసం ఓనరు వివరాలు అడిగితే ఇబ్బందిపడకు, అలా అడిగే ఓనరు జాగ్రత్త గల మనిషి. అక్కడ ఎవరైనా వెంటపడినా వేధించినా 2014 నుంచి షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు పనిచేస్తున్నాయి. ఏ ఆపదకైనా 112, మహిళా హెల్ప్‌లైన్ 181.

మీ అమ్మగారి భయం పోవాలంటే "ఏం పర్లేదమ్మా" అంటే సరిపోదు. ఓనరు నంబరు, వాచ్‌మన్ నంబరు, రెండో గదిలో అమ్మాయి నంబరు, ఫ్లాటు అడ్రసు ఒక కాగితం మీద రాసి ఆవిడకివ్వు. ఓనరుతో ఒకసారి ఆవిడనే మాట్లాడనివ్వు. గది ఇస్తానన్నావిడ ఏమన్నదో, ఓనరు ఏమన్నాడో ఇక్కడే రాయి. అగ్రిమెంటు చదవడంలో అనుమానం వస్తే, పేర్లు, నంబర్లు తీసేసి ఆ షరతు మాత్రం రాయి, నేను చూసి చెప్తాను.