హాంకాంగ్ నుంచి వియత్నాం వాళ్లను ఎలా పంపేశారు?

ప్రశ్న: గ్రూప్‌-1 మెయిన్స్‌కు చదువుతున్నాను. వియత్నాం శరణార్థులను హాంకాంగ్ బలవంతంగా వెనక్కి పంపిందని ఒకచోట, అంతా అంతర్జాతీయ ఒప్పందం ప్రకారమే జరిగిందని ఇంకోచోట ఉంది. ఏది రాయాలి?
– ఒక పాఠకుడు, అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: రెండిటికీ ఆధారం ఉంది, తేదీల వరుస పట్టుకోండి. 1988 జూన్ 16కు ముందు పడవల్లో వచ్చినవాళ్లందరినీ హాంకాంగ్ శరణార్థులుగానే లెక్కేసింది. ఆ రోజు నుంచి ఎవరు శరణార్థి, ఎవరు కాదు అని తేల్చే వడపోత మొదలైంది. ఇమిగ్రేషన్ అధికారి దుబాసీని పెట్టుకుని ప్రశ్నిస్తాడు. సొంత దేశంలో వేధింపుల భయం ఉందని నిరూపించుకునే భారం వచ్చినవాళ్లదే. తిరస్కరిస్తే రివ్యూ బోర్డుకు అప్పీలు. బోర్డు మామూలుగా మనిషిని పిలవదు, ఫైలు చూసి తేల్చేస్తుంది. మొదటి ఇంటర్వ్యూలో దుబాసీ ఒక మాట మింగేసినా, అధికారి ఒక సంగతి రాసుకోకపోయినా ఆ తప్పే పైదాకా పోతుంది. మీ జవాబులో బరువు ఇక్కడ పెట్టండి.

1989 జూన్‌లో జెనీవాలో సమగ్ర కార్యాచరణ ప్రణాళిక ఖాయమైంది; మీరు చదివిన అంతర్జాతీయ ఒప్పందం ఇదే. తిరస్కరణకు గురైనవాళ్లను ముందు నచ్చజెప్పి పంపాలి, తగినంత కాలం గడిచినా ఫలితం లేకపోతే అంతర్జాతీయంగా ఆమోదయోగ్యమైన ఇతర మార్గాలు చూడాలి అన్నారు. ఎంత కాలమో రాయలేదు. ఆరు నెలలకే, డిసెంబరు 12న తెల్లవారకముందే 51 మందిని బలవంతంగా విమానమెక్కించి వియత్నాం రాజధాని హనోయ్‌కి పంపారు. అందులో 26 మంది పిల్లలే.

ఆ ఒక్క ఏడాదే 34 వేల మందికి పైగా వచ్చారు; పంపకపోతే పడవలు ఆగవని అప్పట్లో హాంకాంగ్‌ను ఏలుతున్న బ్రిటన్‌లోని థాచర్ ప్రభుత్వం వాదించింది. వియత్నాంలో పరిస్థితి మారేదాకా బలవంతం వద్దంది అమెరికా. (హైతీ వాళ్లను 1981 నుంచి సముద్రంలోనే అడ్డుకుని తిప్పి పంపుతున్నదీ ఈ అమెరికానే!) బలవంతపు విమానాలు దాదాపు రెండేళ్లు ఆగి, వియత్నాంతో ఒప్పందం కుదిరాక 1991 నవంబరులో మళ్లీ మొదలయ్యాయి.

ప్రశ్న: మన బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలకూ ఇదే వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, సైదాబాద్

జవాబు: వర్తించదు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం పెట్టలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు వీసాతో సమానం కాదు. అయితే ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణ విదేశీయులకూ వర్తిస్తుంది. జమ్మూలోని రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, నిర్ణీత ప్రక్రియ పాటించకుండా పంపొద్దంది. అసలు పంపనే కూడదని అనలేదు. ఇక శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టమే లేదు కాబట్టి, హాంకాంగ్‌లో ఉన్నపాటి రివ్యూ బోర్డు కూడా ఇక్కడ లేదు.