స్టాప్‌వాచ్ పక్కన పెట్టు

మేనల్లుడికి ఆశీస్సులు.

40 గజాల పరుగులో మీ అబ్బాయి వెనకబడ్డాడని, ఇక హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రిసీవర్‌గా, అంటే విసిరిన బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడిగా, పనికిరాడేమోనని ఫోన్లో తెగ టెన్షన్ పడ్డావు. ఇక్కడ కాలిఫోర్నియా బే ఏరియాలో ఏళ్ల తరబడి పిల్లలకు బంతులు విసిరిపెడుతున్న అనుభవంతో చెబుతున్నా, ముందు ఆ స్టాప్‌వాచ్ పక్కన పెట్టు.

ఈ ఆటలో పేరుమోసిన రిసీవర్ జెర్రీ రైస్ వేగం మీదా అందరికీ అనుమానాలే. వాళ్లది మిసిసిపీలో క్రాఫర్డ్ అనే చిన్న ఊరు, తండ్రి తాపీమేస్త్రీ. పరంజా మీద నిలబడి, అన్నదమ్ములు కింద నుంచి విసిరే ఇటుకలు పట్టుకునేవాడు. పెద్ద యూనివర్సిటీలు పట్టించుకోలేదు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే 1985 డ్రాఫ్ట్‌లో ఇద్దరు రిసీవర్ల తర్వాతే, 16వ ఎంపికగా శాన్ ఫ్రాన్సిస్కో జట్టు ఫార్టీనైనర్స్ తీసుకుంది. రిటైరయ్యేసరికి పాస్‌లు పట్టి సాధించినవి 22,895 గజాలు! రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌గెరాల్డ్ ఇంకా అయిదు వేల గజాల పైచిలుకు వెనకే ఆగిపోయాడు.

రిసీవర్ గెలిచేది మలుపు దగ్గర. తిన్నగా పోయే రూట్ (రిసీవర్ పరిగెత్తాల్సిన దారి) అయినా, లోపలికి తిరిగేదయినా మొదటి అడుగులు ఒకేలా కనిపించాలి. పిల్లలేమో తిరగబోయే ముందే నిటారుగా లేచి, చిన్న చిన్న అడుగులు వేస్తారు. అడ్డుకోవడానికి కాచుకున్న డిఫెండర్ ఇట్టే పసిగట్టేస్తాడు. నువ్వు గట్టు మీద కూర్చుని కాదు, డిఫెండర్ ఉండే చోట నిలబడి వీడియో తియ్యి. ఎటు తిరుగుతాడో నీకే ముందుగా తెలిసిపోతోందంటే లోపం దొరికినట్టే.

బంతి జారవిడిచినప్పుడు మాత్రం అక్కడే తిట్టకు. మొదటి సీజన్లో రైస్ కూడా తెగ వదిలేస్తే సొంత అభిమానులే గోల చేశారు. ఆ డిసెంబరులోనే రామ్స్ జట్టు మీద 10 క్యాచ్‌లు, 241 గజాలు. మనవాడు బంతి చేతికి అందకముందే పరుగు గురించి ఆలోచిస్తున్నాడు. వేళ్లలో పడేదాకా చూపు తిప్పొద్దని చెప్పు, చాలు. పట్టాక ఆగనివ్వకు. ప్రాక్టీసులో చిన్న పాస్ పట్టినా రైస్ మైదానం చివరనుండే ఎండ్ జోన్ దాకా పరిగెత్తేవాడు. కాస్త అతిగానే ఉంటుంది గానీ, అలవాటు చేయించు.

శాన్ కార్లోస్ దగ్గర ఆయన పరిగెత్తిన కొండ సంగతి విని మీవాణ్ణి ఇప్పుడే గుట్టలెక్కించకు. మోకాలి నొప్పి అంటే నమ్ము. 1997లో మొదటి మ్యాచ్‌లోనే రైస్ మోకాలి లిగమెంట్ తెగింది. అదే డిసెంబరులో తిరిగొచ్చి ఎండ్ జోన్‌లో బంతి పట్టి టచ్‌డౌన్ చేశాడు, ఆ పట్టులోనే మోకాలి చిప్ప పగిలింది. తొందరపడకుండా కోలుకున్నవాడే 2002లో, నలభయ్యో ఏట, రైడర్స్ జట్టు తరఫున 1,211 గజాలు సాధించాడు.

గ్లవ్స్ మంచివే కొను. జిగురు పూసుకుంటానంటే మాత్రం ఒప్పుకోకు. 1981లోనే ఎన్ఎఫ్ఎల్ దాన్ని నిషేధించింది. గ్లవ్స్‌కి కాస్త రాసుకునేవాణ్ణని తర్వాత రైస్ తనే చెప్పుకున్నాడులే, అది మనకొద్దు.

వీడియో తీశాక నాకు పంపు, ఎదురుగా నిలబడి తీసిందే.

మీ మామయ్య