బడి గేటు దగ్గర మన వంతు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గరి పల్లె. మా అమ్మాయి చదివే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రహరీ ఒకవైపు కూలింది. బడి వదిలే వేళ ఎవరు ఎవరిని తీసుకుపోతున్నారో చూసేవారు లేరు. సమావేశాలు ఒడియాలో జరగడంతో మా తెలుగువాళ్లు నోరు విప్పరు. మేమేం చేయగలం?

జవాబు: అమ్మా, 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల నిర్వహణ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి, కాబట్టి అక్కడ మీరు అతిథులు కారు. గోడ సంగతిని నోటిమాటగా వదలక, కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో రాయించండి. ఒడియా తీర్మానాన్ని చదివించుకుని అర్థం తెలిశాకే సంతకం చేయండి.

గోడ లేచేలోగా (అదెంత కాలమో మీకు తెలియనిది కాదు) బడి వదిలే అరగంట ఇద్దరేసి తల్లిదండ్రులు వంతులవారీగా గేటు దగ్గర నిలబడవచ్చు. పిల్లలను తీసుకెళ్లేవారి పేర్లు, ఫోన్ నంబర్లు ఉపాధ్యాయుల వద్ద రిజిస్టరులో ఉండాలి. అందులో లేని మనిషి తాను మేనమామనని చెప్పినా, ఇంటికి ఫోన్ చేయకుండా పిల్లను పంపకూడదు. కాపలా ఉన్నవారు సైతం ఏ పిల్లతోనూ ఒంటరిగా గదిలో ఉండరాదన్న నియమం మొదటి రోజే పెట్టుకోండి. మనవాళ్లే కదా అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేసి సాయం కోరవచ్చు.