అమ్మాయి కొండ అడవుల్లో పనిచేస్తానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. నీట్ రాయవే అంటే, కొండ అడవుల్ని కాపాడుతూ అక్కడి జనానికి బతుకుదెరువు చూపించే పని చేస్తానంటోంది. ఇందులో ఉద్యోగాలుంటాయా? ఏ కోర్సులో చేర్పించాలి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగాలున్నాయమ్మా. కాకపోతే ఎంబీబీఎస్‌లా ఒక్క ర్యాంకుతో దారి తేలిపోదు. కోర్సుల కంటే ముందు ఆ పని ఎలా ఉంటుందో మీరిద్దరూ తెలుసుకోవాలి. పులుల ఫొటోలు చూసి ఇష్టపడి, తీరా అక్కడ రోజంతా మనుషులతో మాట్లాడాల్సి వచ్చేసరికి నీరసపడే పిల్లలు చాలామందే ఉన్నారు.

మన నల్లమలలో చెంచులు తపసి చెట్టు నుంచి బంక (జిగురు) తీస్తారు. గొడ్డలితో లోతుగా నరికితే ఆ పూటకు బంక బాగా కారుతుంది, చెట్టు మాత్రం మెల్లగా చచ్చిపోతుంది. బెరడు మీద పైపైన చిన్న గాటు పెట్టి, అది మానేదాకా ఆగితే చెట్టూ ఉంటుంది, ఏటా బంకా వస్తుంది. చెప్పడానికి ఇది రెండు నిమిషాల పాఠం. కానీ ఇంట్లో బియ్యం నిండుకుని, అప్పిచ్చిన షావుకారు గుమ్మంలో కూర్చుంటే ఎవరు మాత్రం ఆగగలరు? ఆగాలంటే సరైన తూకం కావాలి, గిట్టుబాటు ధర కావాలి, సరుకు ఇచ్చిన రోజే డబ్బు చేతికి రావాలి. మీ అమ్మాయి చేస్తానంటున్న పనిలో సగం ఇదే. చెట్టు ఎంతకాలానికి కోలుకుంటుందో తెలియాలి, ఆ ఇంటి ఖర్చులెంతో కూడా తెలియాలి.

అరకు, పాడేరు వైపు చూడండి. అక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీకి నీడ కావాలి కాబట్టి, పోడు కోసం నరికే వాలుల్లోనూ చెట్లు నిలబడ్డాయి. వాటికి మిరియాల తీగ పాకిస్తే ఇంకో ఆదాయం. అయితే ఆ నీడంతా ఒక్క సిల్వర్ ఓక్‌దే అయితే దాన్ని అడవి అనలేం. పిట్టలకూ, తేనెటీగలకూ పనికొచ్చే స్థానిక చెట్లు ఎన్ని ఉంచాలి, ఉంచితే రైతుకు ఎంత తగ్గుతుంది? ఇలాంటి లెక్క తేల్చేవాళ్లు ఇంకా చాలామంది కావాలి.

కర్ణాటకలోని బిళిగిరిరంగన కొండల సంగతి మరీ చెప్పుకోదగ్గది. పై ఎత్తుల్లో షోలా అడవులు (గడ్డి నేలల మధ్య లోయల్లో పెరిగే పొట్టి, పచ్చటి అడవులు), వాటి చుట్టూ తరతరాలుగా సోలిగ గిరిజనుల ఊళ్లు. రాలిన ఆకులకు ఏటా చిన్న మంటలు పెట్టడం వాళ్ల అలవాటు. అభయారణ్యం అయ్యాక దాన్ని ఆపించారు. ఆ తర్వాతే లాంటానా అనే విదేశీ కంప అడవిని కమ్మేసిందనీ, ఉసిరి చెట్లకు బదనిక (చెట్టు మీదే పెరిగి దాని రసం పీల్చే మొక్క) పట్టిందనీ సోలిగ పెద్దలు చెబుతారు. వాళ్ల మాటను శాస్త్రవేత్తలు చెవికెక్కించుకుని పరిశోధనలు చేశారు. బెంగళూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ ఆ కంపతోనే కుర్చీలు, బల్లలు చేయడం నేర్పింది. 2011లో అటవీ హక్కుల చట్టం కింద సోలిగలకు సామూహిక హక్కులు కూడా వచ్చాయి. అదే ఏడాది టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన అడవిలోనే వచ్చాయి.

ఇక చదువు. బైపీసీ వాళ్లకు ఈఏపీసెట్ ర్యాంకుతో ములుగు ఫారెస్ట్రీ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. ఈ ములుగు సిద్దిపేట జిల్లాలోది, సమ్మక్క-సారలమ్మ జిల్లా కాదు. మీకు దగ్గరే. నా ఓటు దీనికే. సీటు రాకపోతే బోటనీ, జువాలజీలతో డిగ్రీ చేసినా దారులు మూసుకుపోవు. పరిశోధన ఇష్టమైతే పీజీకి డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్. మార్కెట్లు, సహకార సంఘాల వైపు మనసుంటే భోపాల్‌లో అటవీ మేనేజ్‌మెంట్ నేర్పే ఐఐఎఫ్ఎం. ఎన్‌సీబీఎస్ వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీలో ఏటా చేర్చుకోరు కాబట్టి ప్రకటన ఎప్పుడొస్తుందో ముందే కనిపెట్టుకుని ఉండాలి.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఎలాగూ ఉంది. 2022 నుంచి 2025 దాకా ఏటా సుమారు 150 పోస్టులే పడ్డాయి, దేశం మొత్తానికి. అమ్మాయిలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడవగలగాలి. రాయనివ్వండి, కానీ దాన్నొక్కటే నమ్ముకుని ఏళ్లు గడపనివ్వకండి.

జీతం గురించి దాచకుండా చెబుతాను. స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన ప్రాజెక్టుల్లో తొలి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చదగ్గది కాదు. చాలావరకు రెండు మూడేళ్ల కాంట్రాక్టులే. ఇంటి అప్పు తీర్చే బాధ్యత తన మీద వెంటనే పడుతుందా అన్నది మీరు ముందే మాట్లాడుకోండి. పడేటట్టయితే ఐఐఎఫ్ఎం దారి కొంత నయం.

ఇంటర్ పరీక్షలయ్యాక ఏదైనా మంచి సంస్థను సంప్రదించి, పాడేరు వైపో అమ్రాబాద్ వైపో కొన్నాళ్లు ఊళ్లో ఉండి వచ్చే ఏర్పాటు చేయండి. టూరిస్టు కాటేజీలో కాదు, ఊళ్లోనే. మొదటిసారి మీరూ తోడు వెళ్లండి, భద్రత మీద మీ అనుమానాలు అక్కడే తీరతాయి. తిరిగొచ్చాక తనేం చూసిందో అడగండి. మనుషుల సంగతులు కూడా ఉత్సాహంగా చెబితే ఫారెస్ట్రీలో ధైర్యంగా చేర్పించండి. చెట్లు, పిట్టల గురించి మాత్రమే చెబితే పరిశోధన వైపు పంపండి. అప్పుడు అత్తాపూర్‌లో వన్యప్రాణుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వారి లాకోన్స్ లాంటి ప్రయోగశాలలు మన ఊళ్లోనే ఉన్నాయి.