సేఫ్‌లో 6 లక్షలు, ఇచ్చిన లోన్ 18 లక్షలు

బ్యాంకులు మనం దాచుకున్న డబ్బునే ఇంకొకరికి అప్పుగా ఇస్తాయా, లేక కొత్తగా డబ్బు పుట్టిస్తాయా, ఈ పద్ధతి మార్చాలని కొందరు ఎందుకు పట్టుబడుతున్నారు అని అడిగారు. ఓ బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం లోన్ల సీట్లోనే ఉన్నాను కాబట్టి చూసింది చెప్తాను. కొత్తగానే పుట్టిస్తాయి. మార్చాలి అనేవాళ్లలో నేనూ ఉన్నాను.

2011 మార్చి నెలాఖరు, కృష్ణా జిల్లాలో ఒక బ్రాంచి. ఒక టీచరుగారు పాత ఇల్లు కొనుక్కుంటున్నారు, 18 లక్షల లోన్. ఈసీ, లీగల్ ఒపీనియన్, జీతం స్లిప్పులు అన్నీ సరిపోయాయి, రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇల్లు అమ్మినాయన ఖాతా కూడా మా దగ్గరే ఉంది. నేను స్క్రీన్ మీద ఒక ఎంట్రీ వేశాను: టీచరుగారి లోన్ ఖాతాలో 18 లక్షలు డెబిట్, అమ్మినాయన సేవింగ్స్ ఖాతాలో 18 లక్షలు క్రెడిట్. మేనేజరుగారు పాస్‌వర్డ్ కొట్టి ఓకే చేశారు, అంతే. సాయంత్రం క్యాష్ లెక్క చూస్తే సేఫ్‌లో ఉన్నది 6 లక్షల చిల్లర. ఎవరి ఖాతాలోనూ ఒక్క రూపాయి తగ్గలేదు, కానీ పొద్దున లేని 18 లక్షలు సాయంత్రానికి ఆ ఊళ్లో ఉన్నాయి. పైగా ఆ మార్చికి మా డిపాజిట్ల టార్గెట్ కొద్దిగా తక్కువ పడుతుంటే, ఈ 18 లక్షలు కలిసి గట్టెక్కాం. అప్పు ఇస్తే డిపాజిట్ పెరగడమేమిటని ఆ రాత్రి బస్సులో ఇంటికి వెళ్తూ మొదటిసారి సరిగ్గా ఆలోచించాను, అప్పటిదాకా ట్రైనింగులో చెప్పినట్టు డిపాజిట్లు తెచ్చి లోన్లు ఇస్తామనే నమ్మాను.

అలాగని బ్యాంకు ఇష్టమొచ్చినంత పుట్టించలేదు. అమ్మినాయన ఖాతా వేరే బ్యాంకులో ఉంటే, రిజర్వు బ్యాంకులో ఉన్న మా నిల్వ నుంచి ఆ బ్యాంకుకు సర్దాల్సి వచ్చేది. మూలధనం ఇంత ఉండాలి, డిపాజిట్లలో ఇంత భాగం సీఆర్ఆర్ కింద రిజర్వు బ్యాంకులో ఉంచాలి అనే నిబంధనలున్నాయి, లోన్ అసలు తీరుతున్న కొద్దీ ఆ డబ్బు మాయమైపోతుంది కూడా. కానీ ముందు వచ్చేది అప్పే. మన రిజర్వు బ్యాంకులా బ్రిటన్‌కి కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లో తన త్రైమాసిక పత్రికలో సరిగ్గా ఇదే రాసింది, అప్పు ఇచ్చినప్పుడు దానితోపాటే డిపాజిట్ పుడుతుందని. బ్రిటన్ డబ్బులో 97 శాతం బ్యాంకు డిపాజిట్లేనని కూడా అందులో ఉంది.

సరే, పుడితే పుట్టింది, నష్టమేంటి అంటారా? అది మొదట ఎవరి చేతిలో పడుతుందో చూడండి. అదే ఏడాది ఖరీఫ్‌కి ముందు ఒక కౌలు రైతు వచ్చాడు, నాలుగెకరాలు చేస్తున్నాడు, 60 వేలు కావాలి. పట్టాదారు పాస్‌బుక్ యజమాని పేరున ఉంది, ఆయన ఉండేది హైదరాబాదులో, కౌలు కాగితం రాసివ్వడు, పైగా అదే పొలం మీద ఆయనే క్రాప్ లోన్ తీసుకుని ఉన్నాడు. దరఖాస్తు వెనక్కి ఇచ్చేశాను. రూల్ ప్రకారం నేను చేసింది తప్పు కాదు, కానీ ఆ మనిషి కాగితాలన్నీ మళ్లీ మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. తర్వాత ఎరువుల కొట్లో నూటికి 2 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నాడని తెలిసింది. ఆ కొట్టాయనకి మా బ్రాంచిలోనే క్యాష్ క్రెడిట్ లిమిట్ (కావలసినప్పుడల్లా వాడుకునే వ్యాపార అప్పు) ఉంది, బిల్డింగ్ తనఖా పెట్టి ఏడాదికి 13 శాతానికి తీసుకున్నాడు! మేం పుట్టించిన డబ్బే, రైతు దగ్గరికి చేరేసరికి 24 శాతం అయింది.

స్థలం తనఖా పెట్టేవాళ్లకి లోన్ తేలిక, లోన్ తేలికైన చోట స్థలం రేటు పెరుగుతుంది, పెరిగిన రేటు చూపించి ఇంకా పెద్ద లోన్ తీసుకుంటారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, టార్గెట్లు చూసుకునే ఏ మేనేజరైనా అదే చేస్తాడు. కానీ దేశంలో కొత్త డబ్బు ఎటు వెళ్లాలన్నది అలా తేలడం నాకు మింగుడుపడదు.

ఒకప్పుడు నోట్లు కూడా ఇలాగే ఉండేవి. బ్యాంక్ ఆఫ్ మద్రాస్ తన సొంత నోట్లు వేసేది. 1861 పేపర్ కరెన్సీ చట్టంతో ఆ హక్కును ప్రభుత్వం తీసేసుకుంది, 1935లో అది రిజర్వు బ్యాంకుకు వచ్చింది. కాగితం విషయంలో 160 ఏళ్ల కిందటే తేల్చుకున్నదాన్ని ఖాతాలోని అంకెల దగ్గర ఎందుకు వదిలేశాం అన్నదే సంస్కరణ కోరేవాళ్ల ప్రశ్న. అమెరికాలో బ్యాంకులు కుప్పకూలిన 1930లలోనే షికాగో ఆర్థికవేత్తలు, ఇర్వింగ్ ఫిషర్ అనే మరో ఆర్థికవేత్త ఇది గట్టిగా అడిగారు.

దీని మీద దేశమంతా ఓటేసింది మాత్రం స్విట్జర్లాండ్‌లో, 2018 జూన్ 10న. ఆ ప్రతిపాదనను అక్కడ 'ఫోల్‌గెల్ట్' అన్నారు, పూర్తి డబ్బు అని అర్థం. ఖాతాల్లో తిరిగే డబ్బును కూడా కేంద్ర బ్యాంకే పుట్టించాలి, బ్యాంకులు తమ దగ్గర నిజంగా ఉన్నదే అప్పు ఇవ్వాలి, కొత్త డబ్బు అప్పు కాకుండా ప్రభుత్వానికో ప్రజలకో నేరుగా చేరాలి. 75 శాతానికి పైగా వద్దన్నారు. వాళ్ల కేంద్ర బ్యాంకే వ్యతిరేకించింది, లోన్లు దొరకవేమో అన్న భయమూ ఉంది. ఆ భయాన్ని నేను తీసిపారేయను, ఒక్కరోజులో మార్చేస్తే చిన్న వ్యాపారులు నిజంగానే ఇబ్బంది పడతారు.

ఇంకో అభ్యంతరం, ప్రభుత్వం చేతికిస్తే ఎన్నికల ముందు ఎడాపెడా ముద్రిస్తుంది కదా అని. నిజమే, అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులనే అప్పు పత్రాలు ఇచ్చి ప్రభుత్వం రిజర్వు బ్యాంకు నుంచి కావలసినప్పుడల్లా డబ్బు తీసుకునే పద్ధతిని మన దేశంలో 1997లో ఆపాల్సి వచ్చింది. అందుకే ఎంత పుట్టించాలన్నది వడ్డీ రేట్లు తేల్చే ద్రవ్య విధాన కమిటీ లాంటిది చెప్పాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలన్నది చట్టసభ చెప్పాలి, ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు.

నన్నడిగితే చిన్నగా మొదలుపెట్టమంటాను. 2022 డిసెంబర్ నుంచి ఇ-రూపీ, అంటే రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయి, పైలట్ నడుస్తోంది, అది ఖాతాలోని డబ్బులా బ్యాంకు మనకు పడ్డ బాకీ కాదు, నేరుగా రిజర్వు బ్యాంకు డబ్బు. ఒక్క జిల్లాలో, సాగుదారు కార్డు ఉన్న కౌలు రైతులకు ఖరీఫ్ పెట్టుబడిని కొత్తగా పుట్టించిన ఇ-రూపీలో, తనఖా అడగకుండా ఫోన్‌లో వేసి చూడండి, పంట అమ్మాక వడ్డీ లేకుండా తిరిగి కడతారు. ఎకరాకి 15 వేల చొప్పున ఇచ్చి ఉంటే నేను వెనక్కి పంపిన ఆ 60 వేలు సరిగ్గా సరిపోయేవి.