మైపాడు అలలో తడిసిన ఫోన్: బియ్యంలో నుంచి ముందు బయటికి తీయండి

అన్నా, మైపాడు బీచ్‌లో అలకి ఫోన్ తడిసిందని, బియ్యం డబ్బాలో పెట్టి రేపు ఛార్జింగ్ పెడతానని రాశారు. దయచేసి ఛార్జింగ్ మాత్రం పెట్టబాకండి. ఆన్‌లో ఉంటే వెంటనే ఆపేయండి.

బావి నీళ్లయితే కొంత టైం ఉండేది. ఇది సముద్రపు నీళ్లు, లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు. నీళ్లు ఆరినా ఉప్పు ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు మీదే ఉండిపోతుంది. మన తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ, ఆ తేమ ఉప్పుకి తగిలితే చాలు, మళ్లీ కరెంటు పారే దారి ఏర్పడుతుంది. బ్యాటరీ కరెంటు అందులోంచి పోతే సన్నటి రాగి దారులు, కనెక్టర్ల పిన్నులు తినేసి పచ్చటి చిలుము పడుతుంది. బియ్యం ఉప్పుని లాగవు. పైగా వాటి దుమ్ము ఛార్జింగ్ రంధ్రంలో చేరుతుంది, ఆపిల్ వాళ్లు కూడా బియ్యం వద్దనే చెప్తారు.

సిమ్ ట్రే తీసేయండి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టి మెల్లగా తట్టండి. హెయిర్ డ్రయ్యర్, ఎండ రెండూ వద్దు.

ఈరోజే నెల్లూరు వెళ్లండి. మెకానిక్‌ని ఒకటే అడగండి: బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (త్వరగా ఆవిరయ్యే క్లీనింగ్ ద్రవం) కడుగుతారా అని. ఉత్త హీట్ గన్‌తో ఆరబెడతామంటే ఇంకో షాపు చూసుకోండి. నీళ్లు, దుమ్ము తట్టుకుంటుందని ఐపీ68 రేటింగ్ ఇచ్చిన ఫోనే కదా అనుకోబాకండి, ఆ పరీక్ష మంచినీళ్లలో చేసేది.

ఆన్ అయితే మొదటి పని ఫొటోలు, నంబర్లు కాపీ చేసుకోవడం. ఈలోపు సిమ్ వేరే ఫోన్లో వేసుకోండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి.