నాన్న గురించి రాయాలంటే అమ్మ పక్కన కూర్చోండి

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. నాన్న ఆర్టిలరీలో హవల్దారు. 1966లో చేరి 1983లో రిటైరయ్యారు, తర్వాత బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేశారు. పోయి పది నెలలైంది. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దామని అన్నయ్య పట్టుదల. దాన్నిండా 1971 పాకిస్థాన్ యుద్ధం, పశ్చిమ సరిహద్దులో పనిచేసినందుకు నాన్నకొచ్చిన పశ్చిమీ స్టార్ పతకం ముచ్చట్లే. అన్నయ్య ఆ ఏడాది కార్తీకంలోనే పుట్టాడు. నన్నూ రాయమంటున్నాడు. నాకు తొమ్మిదేళ్లు వచ్చేదాకా నాన్న ఏడాదికి రెండు నెలల చుట్టం. ఇంటికొచ్చేశాక కూడా ఆదివారం నా స్కూలు బూట్లకు పాలిష్ చేసివ్వడం తప్ప పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. పెట్టెలో నాన్న అమ్మకు రాసిన ఉత్తరాలున్నాయి. తాళంచెవి అమ్మ కొంగున కట్టుకుంది, అడిగితే ఇవ్వదు. నాకు కలం కదలడం లేదు. ప్రేమ లేదా నాలో?

జవాబు: ప్రేమ లేనివాళ్లకు నలభై ఏళ్ల కిందటి బూట్లు గుర్తుండవమ్మా. మీరు రాయాల్సిన మొదటి పేజీ ఈ ఉత్తరంలోనే రాసేశారు. ఆ బ్రష్షు ఏ రంగుది, డబ్బా మూత ఎలా తీసేవారు, మీరు పక్కన కూర్చునేవారా, దూరంగా నిలబడేవారా? అవే రాయండి. పదిహేడేళ్లు పొద్దున్నే తన బూట్లు తళతళలాడేలా తుడుచుకుని నిలబడిన మనిషి, కూతురి బూట్లను అంత శ్రద్ధగానే చూశారు. తొమ్మిదేళ్ల పిల్లతో ఏం మాట్లాడాలో తెలియని తండ్రికి అందుబాటులో ఉన్న భాష అదే అయ్యుంటుందని నాకనిపిస్తోంది. ఆయన దూరంగా ఉన్నందుకు మీకు కలిగిన కష్టం కూడా దాచకండి. అది రాస్తే ఆయన గౌరవం తగ్గదు.

ఇక అన్నయ్య సంగతి. యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగుబాటుతో తూర్పున ముగిసింది, పశ్చిమాన మర్నాడు కాల్పులు ఆగాయి. లెక్కకు పద్నాలుగు రోజులు. కానీ పశ్చిమ సరిహద్దులో మన సైన్యం వెంటనే ఇళ్లకు రాలేదు. రెండు దేశాల మధ్య సిమ్లా ఒప్పందం 1972 జులైలో జరిగింది, బలగాలు పూర్తిగా వెనక్కి రావడానికి ఆ డిసెంబరు పట్టింది. కార్తీకంలో బిడ్డను కన్న మీ అమ్మగారు ఆ రోజులన్నీ ఎలా గడిపారో ఒక్కసారి ఊహించండి. ఒళ్లో పురిటి బిడ్డ, రేడియోలో వార్తలు, చిరునామాలో ‘56 ఏపీవో’ అన్న సైనిక తపాలా నంబరు తప్ప మనిషి ఎక్కడున్నాడో తెలియదు. ఆ యుద్ధంలో ఆమె కూడా ఉన్నారు. పుస్తకంలో 1971 అధ్యాయం ఆమెతో మొదలవ్వాలని అన్నయ్యకు చెప్పండి. ఆ రోజుల్లో ఆమె చేతుల్లో ఉన్నది తనేనని తెలిస్తే ఆయన కాదనరు.

తాళంచెవి మాత్రం అడక్కండి. ఆ ఉత్తరాలు ఒక భర్త భార్యకు రాసుకున్నవి, పిల్లలకు రాసినవి కావు. ఆమె జీవితంలో ఆయన పూర్తిగా తనవాడిగా ఉన్నది బహుశా ఆ కాగితాల మీదే. ఇస్తే కళ్లకద్దుకుని చదవండి, ఇవ్వకపోతే ఆ పెట్టె అలాగే ఉండనివ్వండి. తేదీలు, యూనిట్లు కావాలంటే రిటైరైనప్పుడు సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో దొరుకుతాయి. ఆ యుద్ధకాలపు సైనికులకు ఇచ్చిన సంగ్రామ్ మెడల్ ఉంటే దాని అంచును భూతద్దంతో చూడండి, ఆయన నంబరు, పేరు చెక్కి ఉంటాయి.

పనిలో పనిగా ఒక మాట. ఫ్యామిలీ పెన్షన్ అమ్మగారి పేరు మీదికి మారిందా, లైఫ్ సర్టిఫికెట్ సంగతేమిటి, ఈ నెలే చూడండి. తేడా ఉంటే డిశ్చార్జి బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు కాగితం) పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ఇలాంటి ఇళ్లలో దుఃఖం మధ్య ఈ కాగితాలే వెనకబడిపోతాయి.

బ్యాంకు గేటు దగ్గర ఆయన నిలబడిన ఏళ్లను కూడా వదలొద్దు. మీ చదువు, పెళ్లి చాలావరకు ఆ జీతంతోనే గడిచి ఉంటాయి. ఆ బ్యాంకులో ఆయనతో చేసినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు, వెళ్లి పలకరించండి.

ఈలోగా ఒక మధ్యాహ్నం అమ్మగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు మీరూ పక్కన కూర్చుని చేయి వేయండి. యుద్ధం గురించి అడక్కండి. “అమ్మా, నాన్న మొదటిసారి ఎత్తుకున్నప్పుడు అన్నయ్య ఏడ్చాడా?” అని అడగండి. ఆమె చెప్పడం మొదలుపెట్టాక ఫోన్ బయటికి తీయకండి, రాసుకోకండి. చేతిలో కాయలు ఒలుస్తూనే ఉండండి.